బావ ఫామ్ ప్లాట్ తీసుకోమంటుండు, నాన్న రిటైర్మెంట్ పైసలు పెట్టొచ్చా?

మెదక్_పోరడు:
అందరికీ నమస్తే. చాన రోజులసంది ఇక్కడ చదువుడే గానీ రాసింది లేదు, ఇప్పుడు నిజంగనే అవసరం పడ్డది. జర లంబగ ఉంటది, ఏమనుకోకుండ్రి.

మా నాన్న ఆర్టీసీల కండక్టర్, మొన్ననే రిటైర్ అయిండు, 60 నిండినయి. పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి 19 లక్షల దాకా వచ్చినయి. పైసలు అకౌంట్ల పడి నెల కూడ కాలే, మా బావ వచ్చి కూసున్నడు. బావ అంటే మా అక్క భర్త. మంచిగున్న నౌకరి ఇడిసిపెట్టి పోయిన దసరాకి ఓ రియల్ ఎస్టేట్ కంపెనీల జేరిండు, ఇగ అప్పటిసంది వారం వారం మీటింగులు, కోటు ఏసుకొని వాట్సాప్ స్టేటస్‌లు. ఇప్పుడు జహీరాబాద్ దిక్కు పొలాన్ని చిన్న ముక్కలు జేసి ఫామ్ ప్లాట్లని అమ్ముతుండు. 3 గుంటలు, అంటే 363 గజాలు, గజం 5,000 లెక్కన 18 లక్షల 15 వేలు. అండ్ల శ్రీగంధం మొక్కలు నాటి, డ్రిప్ పెట్టి, చుట్టూ ఫెన్సింగ్ ఏసి కంపెనోళ్లే చూసుకుంటరంట, 12 ఏండ్లకి కోటి రూపాయలు వస్తదని బ్రోచర్ల ఉంది. వద్దనుకుంటే 3 ఏండ్లకి వాళ్లే ఎక్కువ ఇచ్చి వాపస్ కొంటరంట. పాస్‌బుక్ వస్తది, రైతు భరోసా వస్తది, రైతు బీమా కూడ వస్తదని చెప్పిండు.

అసలు తిప్పలేందంటే బావ ఇంటి అల్లుడు. మా నాన్న లోకంల ఎవరికన్న కాదంటడేమో గానీ అల్లునికి అనడు. అప్పట్ల ఒకసారి పండగకి బట్టలు పెట్టినకాడ మాట మాట వచ్చి రెండేండ్లు మా ఇంటి గడప తొక్కలే, అది మా అమ్మ ఇంకా మర్చిపోలే. "నీకు ఇష్టం లేకుంటే చెప్పు మామా, వేరేటోళ్లు లైన్ల ఉన్నరు" అంటడు నవ్వుకుంట, గట్ల అన్నకొద్దీ మా నాన్నకి పరేషాన్. కంపెనీ కార్ల సైట్ చూపెట్ట తీస్కపోయిండ్రు, బిర్యానీ పెట్టిండ్రు, అక్కడనే 50 వేలు టోకెన్ ఇచ్చొచ్చిండు. నాకు తర్వాత తెల్సింది. మిగతాది 45 రోజులల్ల కట్టాలె, ఇంకా 26 రోజులున్నయి. నేను బెంగళూరుల ఉంట, భూముల సంగతి నాకేం తెల్వదు. తీసుకోవాల్నా వద్దా? వద్దంటే బావకి ఎట్ల చెప్పాలె?

భూమాత_భక్తుడు:
తమ్ముడూ, భూమి కొని చెడిపోయినోడు లేడు. 1996లో ఉప్పల్ దగ్గర మా నాన్న కొందామంటే మా అమ్మ అంత దూరం ఎవరు పోతారు వద్దంది, ఇప్పటికీ మా ఇంట్లో ఏ గొడవ మొదలైనా ఉప్పల్ దగ్గరే తేలుతుంది 😄 బ్యాంకులో వేస్తే ఏం వస్తుంది? కళ్లు మూసుకుని తీసుకోండి, పైగా అమ్మేది సొంత బావ.

లెక్కల_మాస్టారు:
పై అన్న చెప్పేది ఇళ్ల స్థలం సంగతండీ, ఈ అబ్బాయి అడిగేది ఫామ్ ప్లాట్ సంగతి. రెండూ ఒకటి కాదు. నేను లాయర్ని కాదు, లెక్కలు చెప్పుకునేవాణ్ణి, కాబట్టి లెక్కే చెప్తాను.

ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు, అంటే ఎకరం 4,840 గజాలు. గజం 5,000 అంటే మీ బావగారు మీకు ఎకరం 2 కోట్ల 42 లక్షల చొప్పున పొలం అమ్ముతున్నారు. ఇంటి ప్లాట్ కాదు, ఇళ్లకి పర్మిషన్ ఉన్న లేఅవుట్ కాదు, పొలం. ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని ఒక్కటే, కంపెనీ కారు ఎక్కకుండా ఆ ఊరు వెళ్లి, టీ కొట్టు దగ్గర కూర్చుని, "ఇక్కడ ఎకరం ఎంత పలుకుతోంది" అని ఇద్దరు ముగ్గురు రైతుల్ని అడగండి. వాళ్లు చెప్పిన రేటుని 40తో భాగించండి, అది గుంట ఖరీదు.

ఇక శ్రీగంధం. 3 గుంటలంటే 3,267 చదరపు అడుగులు. పదడుగులకో మొక్క వేస్తే 32 మొక్కలు పడతాయి, మహా అయితే. శ్రీగంధం పక్క మొక్క వేరు మీద పడి తినే రకం, ఒంటరిగా బతకదు, పక్కన కందో సరుగుడో పెట్టాలి, దానికీ చోటు కావాలి. సరే 32 అనే అనుకుందాం, కోటి రావాలంటే చెట్టుకి 3 లక్షల 12 వేలు రావాలి. చెట్టుకి డబ్బులు ఇచ్చేది లోపలి చేవ, పైన కనపడే లావు కాదు. 12 ఏళ్లకి ఎంత చేవ కడుతుందో బ్రోచర్ వేసినవాణ్ణి కాదు, నాటిన రైతుని అడగండి. కొట్టాలంటే ఫారెస్టు వాళ్ల పర్మిషన్ కావాలి, దొంగకి మాత్రం ఏ పర్మిషనూ అక్కర్లేదు.

రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు, 3 గుంటలకి 900 రూపాయలు. ఎమ్మార్వో ఆఫీసుకి రెండుసార్లు ఆటోలో వెళ్తే అయిపోతాయి. రైతు బీమా 59 దాటినవాళ్లకి ఇవ్వరు, మీ నాన్నగారికి 60 అన్నారు కదా, అదీ లేదు.

రెండు_గుంటల_రైతు:
నా పేరు చూసి నవ్వుకోండి, పెట్టుకున్నదే అందుకు. 2021లో లాక్‌డౌన్ బోరులో నేనూ కొన్నాను, షాద్‌నగర్ అవతల, 2 గుంటలు. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు ఆఫీసు ఎత్తేశారు. నాకూ పాస్‌బుక్ వచ్చింది, నిజమే, ఆ రోజు స్వీట్లు పంచాను కూడా. మొదటి ఏడాది మొక్కల ఫొటోలు నెలనెలా వాట్సాప్‌లో వచ్చేవి, రెండో ఏడాది నుంచి పండగలకి గ్రీటింగ్ మాత్రమే వచ్చేది, తర్వాత అదీ లేదు. పోయిన వేసవిలో వెళ్లి చూస్తే గేటు లేదు, డ్రిప్ పైపులు లేవు, హద్దు రాళ్లు ఎవరో పీకి ఒక మూల కుప్ప పోశారు, నాది ఏ ముక్కో నాకే తెలీలేదు. ఒక బర్రె మాత్రం ఉంది, అది చాలా హాయిగా ఉంది. మా ఆవిడ దాని ఫొటో తీసి "మన ఫామ్‌హౌస్" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, ఇప్పటికీ చుట్టాలు అడుగుతారు బర్రె బాగుందా అని.

నవ్వులాట పక్కన పెడితే, అమ్ముదామని తిరిగాను. 20 గుంటలకి తక్కువైతే రిజిస్ట్రేషన్ చెయ్యం అన్నారు. కొనడానికి దారి దొరికింది, బయటికి రావడానికి దొరకట్లేదు. ఇల్లు కడదామంటే పంచాయతీ పర్మిషన్ ఇవ్వదు, లేఅవుట్ కాదు కదా. లోన్‌కి వెళ్తే బ్యాంకు ఆయన కాగితాలు పూర్తిగా చూడకుండానే తిరిగిచ్చేశాడు.

భూమాత_భక్తుడు:
అందరూ కలిసి పిల్లాణ్ణి భయపెడుతున్నారు. ఒకరికి అలా అయిందని అందరికీ అవుతుందా? రిస్క్ లేకుండా ఎవడు బాగుపడ్డాడు?

స్టాంపు_పేపర్:
రిస్క్ తీసుకోవడానికి వయసుండాలి సార్, 60 ఏళ్ల మనిషి చేతిలో ఉన్న మొత్తం డబ్బు అది.

నేను దస్తావేజులు రాస్తాను, ఇరవై ఏళ్లు అవుతోంది, ఈ ఫామ్ ప్లాట్ల కాగితాలు వారానికి నాలుగు చూస్తున్నా. తెలంగాణలో మున్సిపల్ చట్టం 2019, పంచాయతీరాజ్ చట్టం 2018 రెండింటి ప్రకారం కూడా ఫామ్ ప్లాట్ అంటే కనీసం 2,000 చదరపు మీటర్లు ఉండాలి, సుమారుగా 20 గుంటలు. 2025 మొదట్లో హైడ్రా వాళ్లు, అదే హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తీసేసే సంస్థ, కూడా ఇవి కొనకండని గట్టిగా చెప్పారు. మరి 3 గుంటలు ఎలా రాస్తారు? చాలా చోట్ల ఏం చేస్తున్నారంటే ఆరేడుగుర్ని కలిపి 20 గుంటలు ఒకే దస్తావేజులో రాసేస్తున్నారు. ఇందులో నీ ముక్క ఇదీ అని హద్దులు ఉండవు, ఉమ్మడిగా అందరిదీ. రేపు మీ నాన్న అమ్ముకోవాలంటే ముక్కూ మొహం తెలీని ఆ ఆరుగురూ వచ్చి సంతకం పెట్టాలి. అందులో ఒకాయన అమెరికాలో ఉంటాడు, ఒకాయన చనిపోయి ఉంటాడు, ఆయన పిల్లలు కొట్టుకుంటూ ఉంటారు. నేను చూసిందే చెప్తున్నా.

వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గర అవుతుంది, ఇళ్ల స్థలం సబ్ రిజిస్ట్రార్ దగ్గర. మీ బావని ఒక్క ప్రశ్న అడుగు, "ఏ ఆఫీసులో, ఎవరెవరి పేర్ల మీద, ఎన్ని గుంటలు రాస్తారు, డ్రాఫ్ట్ కాగితం ఇవ్వు" అని. సర్వే నంబర్ తీసుకుని ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ భూ భారతిలో చూడు, అసలు కంపెనీ పేరు మీద ఉందా ఇంకా రైతు పేరు మీదే ఉందా, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని నిషేధిత జాబితాలో ఉందా. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి అయితే 1977 చట్టం ఉంది, కొన్నా నీది కాదు. లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన కాగితాలు చూడకుండా టోకెన్ ఇవ్వడమే తప్పు, సరే అయిపోయింది.

ఇంకోటి, మూడేళ్లకి ఎక్కువ ఇచ్చి మేమే కొంటాం అన్నారు చూడు, నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడ. భూమి మీద నమ్మకం ఉన్నోడు ఆ మాట అనడు. అది భూమి పేరు చెప్పి డిపాజిట్ తీసుకోవడం లాంటిది, అలాంటివాటి మీద 2019లో కేంద్రం చట్టమే తెచ్చింది. చట్టం ఉంది కదా అని డబ్బు తిరిగి రాదు, అది వేరే సంగతి.

ఖమ్మం_ఆడపడుచు:
కాగితాల సంగతి అన్నయ్యలు చెప్పేశారు, బావకి ఎలా చెప్పాలని అడిగాడు కదా దానికెవరూ జవాబివ్వలా. నేనో ఇంటి కోడల్ని, ఇంకో ఇంటి ఆడపడుచుని, రెండు వైపులా తిట్లు తిన్నదాన్ని, వినమ్మా తమ్ముడూ.

అల్లుడితో వాదించకు. సర్వే నంబరూ చట్టాలూ అని అతని ముందు మాట్లాడితే నన్ను మోసగాడు అంటారా అని మొదలుపెడతాడు, మధ్యలో నలిగేది మీ అక్క. డబ్బే లేకపోతే మాటే లేదు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 60 నిండితే చాలు, 30 లక్షల దాకా వెయ్యొచ్చు, ఇప్పుడు 8.2 శాతం. 18 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 36,900 చేతికొస్తాయి. అయిదేళ్లు ఉంటుంది, మధ్యలో తీయాలంటే కోత పడుతుంది. ఆ కోతే మీకు కావాల్సింది! జాయింట్‌గా మీ అమ్మ పేరు పెట్టించు. పన్ను పరిధిలోకి రాకపోతే వడ్డీలో ముందే పన్ను కొయ్యొద్దని ఫారం ఇవ్వడం మర్చిపోవద్దు. తర్వాత బావ వస్తే మీ నాన్న నిజమే చెప్తాడు, "అల్లుడూ, నెల ఖర్చులకి కావాలని పోస్టాఫీసులో వేసేశాను, ఇప్పుడు తీస్తే నష్టమంట" అని. అందులో అతని కంపెనీ మీద ఒక్క మాట లేదు. మాట అతను తీసుకునేలా ఉండాలి, అంతే. టోకెన్ 50 వేలు అడుగు, ఇస్తే మంచిది, ఇవ్వకపోతే అల్లుడికి పండక్కి బట్టలు పెట్టామనుకోండి. ఈసారి తక్కువయ్యాయని అనలేడు 😂

మెదక్_పోరడు:
అందరికీ చాన చాన థ్యాంక్స్. మొన్న ఆదివారం ఇంటికి వచ్చిన, నాన్నని ఒక్కన్నే తోల్కొని బస్సుల పోయినం. ఏం చెప్పలే, ఊకె చూసొద్దాం పా అన్న. సైట్ కాడ గేటు పెద్దగుంది, లోపల మొక్కలు మోకాలంత ఉన్నయి, సగం ఎండినయి. చాయ్ హోటల్ల ఓ ముసలాయనని అడిగితే, "మా దిక్కు ఎకరం 55 లక్షలకి అడుగుతుండ్రు బిడ్డా, నేనే ఇస్తలేను" అన్నడు. ఇంకో ఇద్దరు కూడ అటూ ఇటూ గంతనే చెప్పిండ్రు.

నాన్న ఏం మాట్లాడలే. వాపస్ బస్సు ఎక్కినంక జేబులకెళ్లి పెన్ను తీసి టికెట్ ఎనక రాసుకుండు. ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన మనిషి, చిల్లర లెక్క తప్పడు. గుంట 1 లక్ష 37 వేల 500 అని ఒక దిక్కు, 6 లక్షల 5 వేలు అని ఇంకో దిక్కు. రెండు నంబర్ల కింద గీత గీసి చాన సేపు చూసిండు, సదాశివపేట దాటినంక "అల్లునికి ఈ లెక్క ఎవరన్న చెప్పిండ్రా లేదా" అన్నడు.

సోమవారం పొద్దుగాలనే పోస్టాఫీసుల అకౌంట్ తెరిచినం, అమ్మ పేరు కూడ పెట్టినం. ఖమ్మం అక్క చెప్పినట్టే నాన్న ఫోన్ల చెప్పిండు. బావ "అట్లనా మామా, సరే" అని పెట్టేసిండు, లొల్లి అయితదనుకున్న, కాలే. గట్ల కాలేదని ఇంకింత భయమయింది.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చింది. బావ మాకు అమ్మే ముందు తను కూడ ఒకటి కొన్నడంట, మొదట సొంతంగ కొంటేనే కంపెనీల పై పోస్టు ఇస్తరంట, దానికి అక్క బంగారం కుదువ పెట్టిండు. 2 గుంటలు, 9 లక్షలు కట్టిండు, ఇంకా మూడున్నర కట్టాలెనంట. మా 50 వేలు పోతే పోనీ గానీ, వాళ్ల పైసలు వాపస్ తెచ్చే దారి ఏమన్న ఉందా?

స్టాంపు_పేపర్:
ముందు ఇంకో రూపాయి కట్టొద్దని చెప్పు, ఈ రోజే. రిజిస్ట్రేషన్ అయిపోయిందా, అగ్రిమెంట్ దగ్గరే ఉందా? రసీదులు కంపెనీ పేరు మీద ఉన్నాయా లేక ఎవరో మనిషి పేరు మీదా? డబ్బు బ్యాంకులో కట్టాడా చేతికిచ్చాడా? అక్కని అడిగి అగ్రిమెంట్ అన్ని పేజీలూ ఫొటో తీయమను, వెనక వైపు కూడా, సన్నక్షరాలు అక్కడే ఉంటాయి. పేర్లు చెరిపేసి నాకు పంపు.

రెండు_గుంటల_రైతు:
నా దగ్గర ఫిర్యాదు కాగితం నకలు ఉంది, పంపిస్తా. మీ బావని ఒకసారి నాతో మాట్లాడమను తమ్ముడూ, నేనేం అనను. నేను కూడా మా తోడల్లుడికి ఒకటి అమ్మాను అప్పుడు.