అప్‌డేట్: పత్తి తీశాక డిసెంబరులో వేసిన గోధుమ

మాది ఆదిలాబాద్ జిల్లా, నల్లరేగడి భూమి. పత్తి తీసేసిన చేలో డిసెంబరులో గోధుమ విత్తవచ్చా అని ఇదివరకు మిమ్మల్ని ఇక్కడ అడిగాను. నవంబరు మొదటి పక్షం దాటితే దిగుబడి పడిపోతుందని చాలామంది హెచ్చరించారు. కోతలు అయ్యాయి కాబట్టి చూసింది చెబుతున్నాను.

సోయా కోసిన చేలో నవంబరు రెండో వారంలో, పత్తి చేలో డిసెంబరు మధ్యలో ఒకే రకం విత్తాను. ఆలస్యమైన చేలో మీరు చెప్పినట్లే ఎకరాకు 40 కిలోల బదులు 50 కిలోల విత్తనం వేశాను. రెండింటికీ మూడు వారాలకు, కాండం మొదట్లో కొత్త వేళ్లు పుట్టే దశలో, తడి ఇచ్చాను.

ముందు వేసినదానికి చలి బాగా అందింది, పిలకలు నిండుగా వచ్చాయి. ఆలస్యంగా వేసినది అరకొర పిలకలతోనే ఈనింది. అసలు దెబ్బ ఫిబ్రవరి చివర్లో తగిలింది. గింజ పాలు పోసుకునే వేళకు ఎండ 35 డిగ్రీలకు చేరింది. వెన్ను అరచేతిలో నలిపితే సన్నని, ముడతలు పడ్డ గింజలే రాలాయి. నవంబరు చేలోవి గుండ్రంగా, బరువుగా ఉన్నాయి. ఎకరా దిగుబడి దాదాపు మూడో వంతు తగ్గింది. విత్తనం పెంచడం వల్ల మొక్కల సంఖ్య పెరిగింది గానీ గింజకు బరువు రాలేదు.

ఇకపై గోధుమ సోయా చేలకే. పత్తి చేలో జనవరి చివర నువ్వులు వేద్దామనుకుంటున్నాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.