ఎగిరింది ఎవరు? బుల్లెట్‌గర్ల్‌కి తెలుగు మాట కావాలి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. మూడో తరగతి చదువుతున్న మా మేనకోడలికి ఆదివారాలు పాత అమెరికన్ కామిక్స్ చదివి వినిపిస్తుంటాను. స్కాన్ చేసిన పేజీలు ఫోన్‌లో చూస్తూ, అక్కడికక్కడే తెలుగులో చెప్పేస్తాను. ఇప్పుడు బుల్లెట్‌మ్యాన్, బుల్లెట్‌గర్ల్ కథలు నడుస్తున్నాయి. పోయిన వారం ఒకచోట ఆగిపోయాను. మీ సాయం కావాలి.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఫాసెట్ అనే ప్రచురణ సంస్థ 1940 మే నెల ‘నికెల్ కామిక్స్’ మొదటి సంచికలో బుల్లెట్‌మ్యాన్‌ని తెచ్చింది. అసలు పేరు జిమ్ బార్, పోలీసు శాఖలో సైంటిస్టు. తుపాకీ గుండు మొనలా ఉండే శిరస్త్రాణం పెట్టుకుంటే గాల్లో ఎగురుతాడు, తూటాలు తగలకుండా పక్కకి పోతాయి. సూజన్ కెంట్ ఒక పోలీసు సార్జెంటు కూతురు. జిమ్ రహస్యం తెలుసుకుని, తనూ అలాంటి శిరస్త్రాణమే పెట్టుకుని, 1941 ఏప్రిల్ ‘మాస్టర్ కామిక్స్’ 13వ సంచికలో బుల్లెట్‌గర్ల్ అయింది. అప్పటికి వండర్ ఉమన్ ఇంకా రాలేదు, ఆ ఏడాది చివర్లో వచ్చింది. జిమ్, సూజన్ ఇద్దరికీ కలిపి ‘ఫ్లయింగ్ డిటెక్టివ్స్’ అని పేరు.

సరే, సూజన్‌ని తెలుగులో ఏమనాలి? ‘సూపర్ హీరోయిన్’ అంటే మా పిల్ల వెంటనే “ఏ సినిమాలో?” అంది. దాని తప్పేం లేదు. మనకి హీరోయిన్ అంటే సినిమాలో హీరో పక్కన ఉండే అమ్మాయి. ‘నాయిక’ అన్నా అంతే, కావ్యాల్లో విరహంతో ఎదురుచూసే మనిషే గుర్తొస్తుంది. అదే ‘నాయకురాలు’ అనండి, పల్నాటి నాగమ్మ కళ్ళ ముందు నిలబడుతుంది. ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు, ఒకటి ఎదురుచూస్తుంది, ఒకటి యుద్ధం నడుపుతుంది. కానీ సూజన్ ఎవరికీ నాయకురాలు కాదు. జిమ్‌కి పార్ట్‌నర్. ఆ మాట దగ్గరే అసలు చిక్కు.

‘భాగస్వామి’ అంటే వ్యాపారంలో వాటా ఉన్నట్టుంటుంది. ‘సహధర్మచారిణి’ అనడానికి ఆ కథల మొదట్లో వాళ్ళకి పెళ్ళే కాలేదు. ‘సహాయకురాలు’ అనడం నాకు మనసొప్పలేదు, ఆమె అందించే మనిషి కాదు, కొట్టే మనిషి. చివరికి మన సొంత ప్రత్యయం వైపు చూశాను: కాడు, కత్తె. చెలికాడు, చెలికత్తె. చెలికాడంటే స్నేహితుడు, ప్రియుడు. చెలికత్తె అనగానే రాకుమారికి పువ్వులు అందించే పరిచారిక అయిపోతుంది. మాట జోడీగానే పుట్టింది, స్త్రీ వైపు వచ్చేసరికి హోదా తగ్గింది. నాకు చాలా బాధేసింది.

ఇంతకీ నేను ఆగిపోయిన చోటు ఇది. ఈ ఇద్దరికీ ఒక కుక్క కూడా ఉంది, బుల్లెట్‌డాగ్. దాని మెడపట్టీకి కూడా అలా ఎగిరే శక్తి ఉంటుంది. నేను చదువుతున్నాను: “బుల్లెట్‌మ్యాన్ ఎగిరాడు. బుల్లెట్‌గర్ల్ ఎగిరింది. కుక్క ఎగిరింది.” పిల్ల ఆపింది. “అత్తా, అక్కకీ కుక్కకీ ఒకటే ఎందుకు?” అంది.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

జవాబు:
అమ్మా, పాప సరిగ్గా పట్టుకుంది. తెలుగులో ఏకవచనంలో మగవాళ్ళు ఒక పక్క, మిగతా లోకమంతా ఇంకో పక్క. ఆడవాళ్ళు, ఆవులు, బస్సులు అన్నీ ‘వచ్చింది’. బహువచనంలో గీత మారిపోతుంది: మనుషులు ఒక పక్క, మనుషులు కానివి ఇంకో పక్క. ఆడవాళ్ళూ ‘వచ్చారు’, ఆవులు మాత్రం ‘వచ్చాయి’. కాబట్టి మీ సూజన్‌ని ఒంటరిగా ఎగరనివ్వకండి. “ఇద్దరూ ఎగిరారు” అనండి. మా కరీంనగర్ దిక్కు “ఎగిరిండ్రు” అంటం, అక్కడ కూడా గిదే లెక్క. గౌరవంగా “ఆమె ఎగిరారు” అని కూడా అనొచ్చు గానీ, నేరస్తుణ్ణి గుద్దే అమ్మాయికి అది మరీ పెద్దరికం.

ఇంకో జవాబు:
పార్ట్‌నర్‌కి ‘ఉద్ది’ చూడండి. చిన్నప్పుడు మా ఊళ్ళో కబడ్డీకి జట్లు పంచేటప్పుడు సమాన బలం ఉన్న ఇద్దరిద్దరం ఉద్దులుగా వెళ్ళేవాళ్ళం. ‘వాడు నీకు ఉద్ది’, ‘అది నీకు ఉద్ది’, రెండిటికీ ఒకే మాట. ఆడ మగ తేడా లేదు, ఎక్కువ తక్కువ లేదు.

నా జవాబు:
అన్నా, ఉద్ది అద్భుతమైన మాట. మా నాయనమ్మ పోయాక మళ్ళీ ఇప్పుడే విన్నాను. కానీ ఒక్క ఇబ్బంది. జట్లు పంచాక ఉద్దులు ఇద్దరూ చెరో జట్టులో పడతారు కదా! సమానులే, కాకపోతే ఎదురెదురుగా. సూజన్, జిమ్ ఒకే వైపు నిలబడి కొడతారు. అందుకని ‘సరిజోడు’ దగ్గర స్థిరపడుతున్నాను. ఉద్దిలోని సమానత్వం అందులోనూ ఉంది, పైగా పక్కపక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. “బుల్లెట్‌మ్యాన్‌కి సరిజోడు బుల్లెట్‌గర్ల్” అని చదివితే పిల్ల ఏమీ అడగలేదు.

‘ఇద్దరూ ఎగిరారు’ సలహాకి మరీ మరీ కృతజ్ఞతలండీ. నిన్న అలాగే చదివాను: “ఇద్దరూ కిటికీ పగలగొట్టుకుని దూసుకొచ్చారు. వెనకే కుక్క కూడా వచ్చింది.” పిల్ల ఒప్పుకోలేదు. కుక్కని విడిగా పెట్టడమేంటంది. నేను ‘మూడూ’ అనాలా, ఏమనాలా అని తడుముకుంటుంటే ఫోన్ లాక్కుని తనే చదివింది:

“ముగ్గురూ ఎగిరారు.”