1966 థండర్‌బర్డ్ వెనుక సిగ్నల్: పాత మోటార్ ఉంచాలా, మార్చాలా?

అమెరికాలో పాత ఫోర్డ్ కార్ల పని తెలిసినవారు కాస్త చెప్పండి. బండి 1966 థండర్‌బర్డ్ టౌన్ లాండౌ (మూసిన పైకప్పు రకం), 390 వీ8 ఇంజిన్. సిగ్నల్ వేస్తే వెనుక లైట్లు లోపలి నుంచి బయటికి ఒకదాని తర్వాత ఒకటి వెలగాలి. ఎడమవైపు మూడూ వరుసగా వస్తున్నాయి. కుడివైపు చివరిది మాత్రం రావడం లేదు.

పార్కింగ్ లైట్ వేస్తే అదే బల్బు వెలుగుతోంది కాబట్టి ఎర్త్ బాగున్నట్టే. 1157 బల్బులో సిగ్నల్‌కు వేరే ఫిలమెంట్ ఉంటుంది, అందుకని కొత్త బల్బు వేసి, హోల్డర్ రుద్ది చూశాం. ఫలితం లేదు. లైట్లను వరుసగా వెలిగించే మోటార్ డిక్కీలో ఉంటుంది, అది తిరిగే చప్పుడు వస్తోంది. ఇక మిగిలింది ఆ మోటార్ యూనిట్‌లో కరెంటు కలిపే కాంటాక్టులు మాడటమా, కుడివైపు వైరు తెగడమా? టెస్ట్ ల్యాంప్ (కరెంటు వస్తోందో లేదో చూపే దీపం) ముందు ఎక్కడ పెట్టాలి?

రెండో సందేహం డబ్బుది. మోటార్ తీసేసి ఎలక్ట్రానిక్ యూనిట్ పెడితే గొడవ ఉండదంటున్నారు. కానీ ఈ వరుస సిగ్నల్ 1965లో మొదలైంది, 1966లో వెనుక లైటు బండి వెడల్పంతా పరుచుకుంది. ఈ మోడల్ అందమంతా అక్కడే ఉంది. కన్వర్టిబుల్‌కు (పైకప్పు మడిచే రకానికి) ఉన్న గిరాకీ దీనికి ఎలాగూ లేదు. పాత యూనిట్‌ను పెట్టెలో దాచి, వైర్లు కోయకుండా కొత్తది తగిలిస్తే కొనేవాళ్లు ధర తగ్గిస్తారా? కాంటాక్టులు రుద్ది సరిచేసినవారు ఏ నంబరు గరుకు కాగితం వాడారో కూడా చెప్పండి.