మలయాళం సినిమా ఇంట్లో చూసేటప్పుడు తెలుగు డబ్బింగా, సబ్‌టైటిల్సా?

గోదారి గట్టు:
నా మాట ముందే చెప్పేస్తా. మలయాళం సినిమాని మలయాళంలోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడాలి. మొన్న మా ఇంట్లో 'ప్రేమలు' పెట్టినప్పుడు ఇదే గొడవ. అందులో కుర్రాడు గేట్ కోచింగ్ కోసం కేరళ నుంచి హైదరాబాద్ వస్తాడు. ఊరు కొత్త, భాష కొత్త. తెలుగు ఆడియో పెడితే వచ్చినవాడూ ఇక్కడివాళ్ళూ అంతా ఒకేలా మాట్లాడతారు. వాడు పరాయి ఊళ్ళో ఉన్నాడన్న సంగతే మర్చిపోతాం. ఇంకోటి, ఆ కుర్రాడిగా చేసిన నస్లెన్ సగం మాటలు నోట్లోనే నమిలేస్తాడు. ఆ పాత్ర బెరుకంతా అక్కడే ఉంది. డబ్బింగ్‌లో ప్రతి మాటా స్పష్టంగా వినపడాలి కాబట్టి అది పోతుంది. తెలుగు ఆడియో పెట్టుకునేవాళ్ళు ఏమంటారు?

వంటింటి కిటికీ:
సబ్‌టైటిల్స్ అన్నారు సరే, ఏ భాషలో అండీ? నేను చూసినవాటిలో దాదాపు అన్నిటికీ ఇంగ్లీషే. మా అత్తయ్య తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది, ఇంగ్లీషు రాదు. ఆవిడ ఏం చేయాలి?

'దృశ్యం 2' సంగతే చూడండి. మోహన్‌లాల్ సినిమా 2021 ఫిబ్రవరిలో నేరుగా ప్రైమ్‌లోకి వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు వెంటనే చూసేసి, కోర్టులో ఏం జరిగిందో ఒకళ్ళకొకళ్ళు చెప్పేసుకున్నారు. వెంకటేశ్ తెలుగు సినిమా వచ్చింది ఆ ఏడాది నవంబర్లో. మొదటి భాగం చూసి రాంబాబు కుటుంబం ఏమైపోతుందోనని కంగారుపడిన మా అత్తయ్యలాంటి వాళ్ళు తొమ్మిది నెలలు ఆగాలి. అప్పటికి ఇంట్లో మిగతావాళ్ళు కథ చెప్పకుండా ఉంటారా?

పైగా ఇంట్లో సినిమా అంటే అందరూ కళ్ళార్పకుండా కూర్చుని చూడరు. నేను చపాతీలు ఒత్తుకుంటూ వింటాను, పిండి చేతులతోనే మధ్యమధ్యలో వచ్చి తొంగిచూస్తాను. తల దించితే డైలాగ్ పోయే సినిమా నాకు ఎప్పటికీ సగమే.

నైజాం పోరడు:
డబ్బింగ్‌లన్నీ ఒక్కటి కాదు అన్నా. 'ప్రేమలు'కి తెలుగు మాటలు రాసింది 'నైంటీస్' సిరీస్ తీసిన ఆదిత్య హాసన్. మా రూమ్‌లో అందరం తెలుగులోనే చూశాం, పడీపడీ నవ్వాం. మన కుర్రాళ్ళు ఎట్ల మాట్లాడుకుంటారో అట్లనే ఉంది. అసలు సమస్య హడావిడి డబ్బింగ్. నాన్నకీ, ఎస్సైకీ, పక్కింటాయనకీ ఒకే గొంతు. కేరళలోని ఇడుక్కి కొండల్లో రైతు కూడా వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. దాన్ని తిట్టండి, నేనూ తిడతా.

సెకండ్ షో:
డబ్బింగ్‌ని చిన్నచూపు చూడకండి బాబూ. తమిళం నుంచి వచ్చిన కమల్ హాసన్ సినిమాలకి బాలు గారు చెప్పారు. 'బాషా'లో రజనీకాంత్‌కి సాయికుమార్ చెప్పారు. ఆ గొంతు తీసేసి ఆ సినిమా ఊహించుకోండి చూద్దాం. సూర్యకి చెప్పిన శ్రీనివాసమూర్తి గారు 2023 జనవరిలో పోయినప్పుడు నాకు చాలా బాధేసింది. ముఖం ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం ఇంట్లో మనిషిది. ఇప్పుడు సినిమా అవుతుండగానే యాప్ ఇంకోదానికి దూకేస్తుంది, డబ్బింగ్ చెప్పినవాళ్ళ పేర్లు చూసే వీలే లేదు.

గోదారి గట్టు:
సెకండ్ షో గారూ, ఆ గొంతులంటే నాకూ ప్రాణమే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' మద్రాసులో తెలుగులోనే దాదాపు 600 రోజులు ఆడింది. డబ్బింగ్ లేదు. తమిళులు అలాగే చూశారు, అలాగే ఏడ్చారు. మనకి మాత్రం పక్క రాష్ట్రం భాష రెండు గంటలు వింటే ఏం పోతుంది?

నైజాం పోరడు:
ఆ సినిమా కథే తమిళ అబ్బాయి, తెలుగమ్మాయి అన్నా. ఒకరి భాష ఒకరికి రాకపోవడమే అందులో కథ. ప్రతి సినిమాకీ అది కుదరదు. ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ చెప్పలేదు. 'మహేషింటె ప్రతీకారం' ఇడుక్కి కథ. దాన్ని వెంకటేశ్ మహా అరకు తీసుకొచ్చి, సత్యదేవ్‌తో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' తీశాడు, 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అక్కడి మట్టి అక్కడే వదిలేసి ఇక్కడి మట్టిలో నాటాడు. నాకు రెండూ ఇష్టమే.

ఫ్రిస్కో నుంచి:
మాది టెక్సాస్. మా పిల్లలకి తెలుగు చెవిన పడేది ఇంట్లోనూ, టీవీలోనూ మాత్రమే. అందుకే ఏ సినిమా అయినా తెలుగు ఆడియోలోనే పెడతాను. పెద్దదానికి అర్థం కానిచోట ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆన్ చేస్తాం. ఇక్కడ ఒక పెద్ద చిక్కు. ఆ అక్షరాలు మలయాళం మాటలకి రాసినవి, తెలుగు డబ్బింగ్‌కి కాదు. వినేది ఒకటి, చదివేది ఇంకోటి. "అమ్మా, ఆయన అలా అనలేదు కదా" అంటుంది పిల్ల. రెండూ కలిసి తెలుగు నేర్పాల్సింది పోయి అయోమయంలో పడేస్తున్నాయి. తెలుగు ఆడియోకి తగ్గ సబ్‌టైటిల్స్ విడిగా రాయించడం అంత కష్టమా?

కర్నూలు రాదారి:
నాకు వినికిడి తక్కువ. మిషన్ పెట్టుకున్నా టీవీ డైలాగులు సగం అందవు. మీరంతా మలయాళం గురించి మాట్లాడుతున్నారు, నేను నేరుగా తెలుగులో తీసిన సినిమా కూడా ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ చూస్తున్నాను. నటుడి నోటి నుంచి సీమ మాట వస్తోందని పెదాలు చూస్తే తెలుస్తుంది, కింద మాత్రం పొడి ఇంగ్లీషు. నా భాషని నా కళ్ళకి చూపించమంటున్నాను, అంతే. డబ్బింగా, సబ్‌టైటిల్సా అని మీరు కొట్టుకుంటున్నారు గానీ, తెలుగు అక్షరాలు ఉంటే మీ అత్తయ్య గారి సమస్యా నా సమస్యా రెండూ తీరతాయి కదండీ.

గోదారి గట్టు:
తెలుగు అక్షరాలు కావాలని గట్టిగా అడుగుదాం, అందులో నేను ముందుంటాను. కానీ 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' లాంటి సినిమాకి డబ్బింగ్ నేను ఒప్పుకోను. అందులో సంగీతం కన్నా కూరలు తరిగే చప్పుడు, కొబ్బరి తురిమే చప్పుడు, గిన్నెల చప్పుడు ఎక్కువ. సింకు కింద పైపు కారుతుంటే ఆ అమ్మాయి ఆ మురికి నీళ్ళతో రోజూ తంటాలు పడుతుంది. ఆ చప్పుళ్ళ మధ్య స్టూడియోలో చెప్పిన మాట ఒక్కటి పడినా అతికించినట్టు తెలిసిపోతుంది.

వంటింటి కిటికీ:
ఆ సినిమా ఎవరి గురించో చూడండి మరి. అన్నం కుక్కర్లో కాదు, కట్టెల పొయ్యి మీదే వండాలి, బట్టలు మిషన్‌లో వేయకూడదు అని మామగారు మెత్తగా చెప్పే ఇల్లు అది. అలాంటి ఇళ్ళల్లో బతికిన ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు? వాళ్ళల్లో చాలామందికి ఇంగ్లీషు రాదు, కొందరికి తెలుగు చదవడమూ రాదు. చప్పుళ్ళు అందరికీ అర్థమవుతాయి. ఆ మామగారు ఎంత మెత్తగా అడుగుతున్నాడో మాత్రం చెవిన పడాల్సిందే. మాటలు అంత తక్కువున్న సినిమాకి మంచి రచయితని పెట్టి, నిదానంగా, పాత్రకి తగ్గ గొంతులు వెతికి డబ్బింగ్ చేయిస్తే మీరు చెప్పే అతుకు కనపడదు. ముందు అది చేయమని అడగండి.