ఓడినవాళ్లు గట్టెక్కుతారా?

కర్నూలు మాస్టారు:
2025 ఏప్రిల్‌లో లాహోర్‌లో మహిళల వన్డే ప్రపంచకప్ అర్హత పోటీలు జరిగాయి కదా. అప్పట్లో నా నోటుపుస్తకంలో ‘ఓడి గట్టెక్కిన బంగ్లాదేశ్’ అని రాసుకున్నాను. నిన్న మా అబ్బాయి అది చూసి, ‘ఓడినవాళ్లు గట్టెక్కడమేమిటి నాన్నా?’ అన్నాడు. జవాబు తట్టలేదు.

ఆరు జట్లు, రెండే చోట్లు. పాకిస్తాన్ ఐదుకు ఐదూ గెలిచింది. ఆఖరి రోజు బంగ్లాదేశ్ దాని చేతిలో ఓడింది. ఇక థాయ్‌లాండ్ మీద వెస్టిండీస్ 167 పరుగులు 10.1 ఓవర్లలో కొడితే ఆ రెండో చోటు దానిదే. హేలీ మాథ్యూస్ 29 బంతుల్లో 70 బాదింది. అయినా 10.5 ఓవర్లు పట్టింది. ఇద్దరికీ ఆరేసి పాయింట్లు. నికర రన్‌రేటు బంగ్లాదేశ్‌కు 0.639, వెస్టిండీస్‌కు 0.626. (ఓవరుకు సగటున తాము కొట్టిన పరుగుల్లోంచి ఎదుటివాళ్లకు ఇచ్చినవి తీసేస్తే మిగిలేది అది. పాయింట్లు సమానమైతే దాన్నే చూస్తారు.) ఇంతకీ నా మాట సరైనదేనా?

అనంతపురం అక్క:
మా వైపు గట్టు అంటే కొండ కూడా. కావ్యాల్లో పార్వతిని గట్టుచూలి అన్నారు. కొండ ఎక్కడమంటే కాళ్ల సత్తువ చూపడం. ఓడిన జట్టుకు అది అతకదు. ‘అర్హత పొందింది’ అంటే పోయేది.

కడప తమ్ముడు:
అక్కా, పార్వతమ్మను కొండ మీదే ఉండనిచ్చి చెరువు గట్టుకు రండి. ఇది నీళ్లలోంచి బయటపడ్డవాడి మాట. పదో తరగతిలో 35 మార్కులు వచ్చినవాడు గట్టెక్కాడంటాం, జిల్లా మొదటి ర్యాంకు పిల్లను అలా అంటామా? అప్పుల్లోంచి గట్టెక్కినవాడు ధనవంతుడేమీ కాలేదు, ఊపిరి తీసుకున్నాడంతే. అందుకే పాకిస్తాన్ గట్టెక్కిందంటే తప్పు. అదే ప్రపంచకప్‌ను నవంబరు 2న మన జట్టు గెలిచింది, అందులో మా జిల్లా శ్రీచరణి ఉంది. ‘భారత్ గట్టెక్కింది’ అని ఎవరైనా రాసి ఉంటే కడపలో ఊరుకునేవాళ్లమా?

అనంతపురం అక్క:
సరే, నీటి గట్టే అనుకుందాం తమ్ముడూ. ఎక్కడమైతే తానే ఎక్కాలి కదా? బంగ్లాదేశ్ తన ఆట ముగించుకుని పక్కవాళ్ల స్కోరు చూస్తూ కూర్చుంది. దానికి ‘ఒడ్డున పడింది’ నప్పుతుంది. అలే విసిరేసింది.

కర్నూలు మాస్టారు:
మీ మాట బాగుందమ్మా, నాకూ కాసేపు అదే సరైనదనిపించింది. కాని 2009 అక్టోబరు గుర్తొచ్చింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడితే మేడ మీద ఒక బియ్యం మూట, పక్కింటివాళ్ల మేకపిల్ల, మేము ఏడుగురం. నీళ్లు మెట్టు మెట్టు చొప్పున దిగుతుంటే మా అమ్మ లెక్కపెట్టింది. అయిదో మెట్టు కనబడగానే మేనమామకు ఫోను చేసి, ‘గట్టెక్కామురా’ అంది. మేము ఎక్కిందేమీ లేదు, నీళ్లే దిగాయి. కాబట్టి ఈ మాట ఎవరు ఎక్కారని అడగదు, మునిగారా లేదా అనే చూస్తుంది. నా నోటుపుస్తకంలో మాట కొట్టేయను.

కడప తమ్ముడు:
మరి వెస్టిండీస్‌కు ఏమంటారు మాస్టారూ? ‘వెనుదిరిగింది’ అంటే చప్పగా ఉంది.

అనంతపురం అక్క:
గట్టు అందుకుని జారింది అనండి. ఆట ముగించిన దెబ్బ సిక్సరే, పాపం.