పరుగు ఆపేస్తానంటున్న ఛాంపియన్: ఏ పని ముందు, ఏది తర్వాత?

బుడ్డలచేను (అనంతపురం)

మా చిన్నాయన కూతురి గురించి అడుగుతున్నా. వయసు 28. 5000 మీటర్ల పరుగు. నేషనల్స్‌లో బంగారం ఉంది, ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో ఒక కాంస్యం. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం, స్పోర్ట్స్ కోటా. నాడా (డోపింగ్ పరీక్షలు చేసే జాతీయ సంస్థ) రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో, అంటే ఎప్పుడైనా వచ్చి పరీక్ష చేసే క్రీడాకారుల జాబితాలో పేరుంది. ఇప్పటికీ వారానికి 110 కిలోమీటర్లు పరిగెడుతోంది. గాయం లేదు, టైమింగ్ కూడా పడిపోలేదు. అయినా ఈ సీజన్‌తో చాలంటోంది. "ఇన్నాళ్లు గడియారాన్ని చూసుకుంటా బతికినా, ఇంక మనుషుల్ని చూస్తా" అని ఒకటే మాట.

ఆ మాట చెవిన పడిందే తడవు ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టినారు. ఆమేమో ఒక ఏడాది గడువు అడుగుతోంది, మనసుకు నచ్చినవాడు కనబడితే తనే చెబుతానంటోంది. ఆపాలా వద్దా అనేది మా ప్రశ్న కాదు, అది ఆమె ఇష్టం. ఆపేటప్పుడు కాగితాల పని ఏముంటుంది, ఒంటికి ఏమవుతుంది, ఉద్యోగం సంగతేంది? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

నల్లమల కోచ్ (కర్నూలు)

మొదట నాడా సంగతి తేల్చుకోండి. పేపర్లో "వీడ్కోలు" అని వార్త వచ్చినంత మాత్రాన, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినంత మాత్రాన రిటైర్ అయినట్టు కాదు. పూల్‌లో ఉన్న క్రీడాకారిణి నాడాకూ ఫెడరేషన్‌కూ రాతపూర్వకంగా తెలపాలి. అంతర్జాతీయ సమాఖ్య పూల్‌లో కూడా ఉంటే వాళ్లకు వేరేగా పంపాలి. అందినట్టు జవాబు వచ్చేదాకా రోజువారీ ఆచూకీ వివరాలు (ఏ రోజు ఎక్కడుంటుందో) నింపుతూనే ఉండాలి. 12 నెలల్లో మూడు తప్పులు పడితే, అవి మిస్‌డ్ టెస్టులైనా (చెప్పిన గంటలో చెప్పిన చోట దొరక్కపోవడం) సరే, వివరాలు నింపకపోవడమైనా సరే, రెండేళ్ల దాకా నిషేధం. ఒక్క మాత్ర మింగకపోయినా "డోపింగ్ కేసు" అనే పేరు మిగిలిపోతుంది. రేపు కోచ్ ఉద్యోగానికి పోయినప్పుడు అదే అడ్డం తిరుగుతుంది.

రెండోది, ఆపేస్తున్నానని లెటర్ పెట్టాక మనసు మారి మళ్లీ పరిగెత్తాలంటే ఆరు నెలల ముందు రాతపూర్వకంగా తెలిపి, ఆ ఆరు నెలలూ టెస్టులకు అందుబాటులో ఉండాలి. అప్పటిదాకా జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో దిగకూడదు. అందుకని లెటర్ తేదీని ఊరికే రాయొద్దు. నేను చెప్పే వరుస ఇది: సీజన్‌లో ఆఖరి రేసు, తర్వాత ఆరు వారాల విరామం (ఆచూకీ వివరాలు నింపుతూనే), అప్పటికీ మనసు అదే మాట అంటే లెటర్. అలసటలో రాసే లెటర్లు చాలావరకు పశ్చాత్తాపంలో తేలతాయి.

మూడోది, రావాల్సినవన్నీ లెటర్‌కు ముందే అడిగి పెట్టుకోండి. పతకానికి డిపార్ట్‌మెంటులో ఇంక్రిమెంటో ప్రమోషనో పెండింగ్‌లో ఉంటే ఆ ఫైలు కదిలించండి. నియామక ఉత్తర్వులో ఎన్నేళ్లు ఆడాలని రాసిందో ఒకసారి చదవండి, ఆ గడువు తీరకుండా ఆపితే వివరణ అడుగుతారు. పోటీ సర్టిఫికెట్లు, ఫారాలు ఇప్పుడే అటెస్ట్ చేయించి స్కాన్ తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత అసోసియేషన్ ఆఫీసులో మనుషులూ మారిపోతారు, బీరువా తాళంచెవీ దొరకదు.

కేంద్రం ఇచ్చే పెన్షన్ గురించి అందరూ ఆశ పెడతారు, కాబట్టి ముందే చెబుతున్నా. 30 ఏళ్లు నిండి, ఆట మానేసినవాళ్లకే అది. నెలకు 12,000 నుంచి 20,000 రూపాయలు. అయితే ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఏషియన్ గేమ్స్, కామన్వెల్త్ గేమ్స్ స్థాయి పతకాలకు. ఏషియన్ ఛాంపియన్‌షిప్స్ కాంస్యం దాని కిందికి రాదు. ఏషియన్ గేమ్స్ వేరు, ఏషియన్ ఛాంపియన్‌షిప్స్ వేరు. ఈ తేడా తెలియక దరఖాస్తు చేసి తిరిగేవాళ్లు ఎక్కువ.

మోకాలి చిప్ప (కడప, ఫిజియో)

ఒంటి సంగతి నేను చెబుతా. 110 నుంచి సున్నాకు ఒక్కరోజులో దిగొద్దు. శ్రమ లేకుండా రెండు మూడు వారాలు గడిస్తేనే ఆక్సిజన్ వాడుకునే శక్తి తగ్గడం మొదలవుతుంది, అది సహజం. ఇబ్బంది వేరే చోట వస్తుంది: నిద్ర పట్టదు, చిరాకు, గుండె దడదడమన్నట్టు అనిపించడం, ఏ పనీ తోచకపోవడం. పద్ధతిగా దిగితే ఇవి చాలా తక్కువ. మొదటి మూడు నాలుగు వారాలు 60 కిలోమీటర్లు, ఇంటర్వల్స్ (ఆగి ఆగి వేగంగా తీసే పరుగులు) పూర్తిగా బంద్. తర్వాత రెండు నెలలు 40. ఆపైన 25-30 దగ్గర నిలబెట్టి, వారానికి రెండు రోజులు బరువులతో వ్యాయామం. వాచీ ఇంట్లో పెట్టి పరిగెత్తమనండి. ఇది వేదాంతం కాదబ్బా, వాచీ చేతికుంటే పేస్ దానంతటదే పెరిగిపోతుంది.

తిండి లెక్క కొంచెం వివరంగా. కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చు. 52 కిలోల మనిషి వారానికి 110 కిలోమీటర్లు పరిగెడితే 5,700 పైచిలుకు, అంటే రోజుకు 800. 30 కిలోమీటర్లకు దిగితే రోజుకు 220. తేడా 580 క్యాలరీలు. సంగటి ముద్ద, పొద్దున ఉగ్గాణి బజ్జీ, సాయంత్రం ఇంకో టిఫిను అన్నీ పాత కొలతలోనే సాగితే నాలుగైదు నెలల్లో బరువు తెలిసిపోతుంది. తగ్గించాల్సింది పిండి పదార్థాలు, బజ్జీలు. గుడ్డు, పప్పు, పెరుగు, ఉడకబెట్టిన చెనక్కాయలు తగ్గించొద్దు.

కానీ ఈ లెక్క వేసే ముందు ఒకటి అడగాలి: నెలసరి సక్రమంగా వస్తోందా? దూరం పరిగెత్తే అమ్మాయిల్లో తిండి చాలక అది ఆగిపోవడం మామూలుగా చూసేదే. మూడు నెలలకు మించి రాకపోతే తిండి తగ్గించే ప్రసక్తే లేదు, ఇంకా పెంచాలి. గైనకాలజిస్టు దగ్గర థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్ పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ కూడా. ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్. రిపోర్టులో టీ-స్కోరు కాదు, ఈ వయసులో జడ్-స్కోరు (అదే వయసువాళ్లతో పోల్చేది) చూడాలి. పరుగు వాళ్లలో అది మైనస్ ఒకటి కంటే కిందికి పోతే పట్టించుకోవాలి.

ఇంకోటి. "పరుగులు తీసింది కదా, పిల్లలు పుడతారా" అని సంబంధాల దగ్గర గుసగుసలు వస్తాయి. తిండి సరిపడా పెరిగితే నెలసరి చాలామందికి తిరిగి వస్తుంది. ఇంకా చెప్పాలంటే, మొదటి నెలసరి కనబడకముందే అండం విడుదల కావచ్చు. కాబట్టి "నెలసరి లేదు, గర్భం రాదు" అనుకునే ధైర్యం పనికిరాదు.

ఏ ఆసుపత్రికి పోయినా రన్నర్‌నని ముందే చెప్పమనండి. పల్స్ 44, ఈసీజీలో గీతలు పెద్దగా కనబడితే కంగారుపెట్టేవాళ్లుంటారు. ఏళ్లతరబడి శిక్షణ తీసుకున్న గుండెకు అది మామూలే. ఆపాక పల్స్ 55, 60కి పెరగడమూ మామూలే. స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం అది వేరే సంగతి, ఆలస్యం చేయొద్దు.

హంద్రీ గట్టు (కర్నూలు)

అందరూ ఆపడం ఎట్లా అనే చెబుతున్నారు. పెళ్లికోసం ఆపాల్సిన పనేముంది? కరణం మల్లీశ్వరికి పెళ్లయింది 1997లో, సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం ఎత్తింది 2000లో. మేరీ కోమ్‌కు 2007లో కవలలు పుడితే, 2008లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్. మన సింధు 2024 డిసెంబరులో పెళ్లి చేసుకుని ఆడుతూనే ఉంది.

బుడ్డలచేను

నిజమే అన్నా. ఆమె పెళ్లికోసం ఆపటం లేదు. రోజుకు రెండు పూటలా పరిగెత్తి, రాత్రి తొమ్మిదికి పడుకునే బతుకులో ఒక మనిషితో కూర్చుని మాట్లాడే సాయంత్రం లేదంటోంది. పెళ్లనే మాట ఇంట్లోవాళ్లు అంటించినారు.

నల్లమల కోచ్

అయితే యాష్లీ బార్టీ సంగతి చెప్పండి ఇంట్లో. 2022 మార్చిలో, 25 ఏళ్లకు, ప్రపంచ నంబర్ వన్‌గా ఉండి టెన్నిస్ వదిలేసింది. అంతకుముందు 2014లోనూ వదిలి, క్రికెట్ ఆడి, మళ్లీ వచ్చిన మనిషే. కిమ్ క్లైస్టర్స్ 2007లో ఆపి, పెళ్లి చేసుకుని, కూతురు పుట్టాక 2009లో తిరిగొచ్చి యూఎస్ ఓపెన్ గెలిచింది. ఓడిపోయినందుకో గాయమైనందుకో మాత్రమే ఆపుతారనే లెక్క మనవాళ్లకు ఉంది. బాగా ఆడుతూ ఆపితే "ఏదో జరిగింది" అని వెతుకుతారు.

పెన్నానది అక్క (కడప)

ఏడాది గడువు మంచి ఆలోచన, దాన్ని ఇంట్లో ఖాయం చేయించండి. మాటగా కాదు, తేదీతో: ఫలానా నెల దాకా చూపులు లేవు, ఫొటో ఎవరికీ పంపరు. ఎందుకంటే ఆటలో ఉన్నన్నాళ్లు ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎక్కడుండాలో కోచ్ చెప్పినాడు. ఆ చెప్పే మనిషి పోయిన చోట వెంటనే ఇంకో చెప్పే మనిషిని కూర్చోబెట్టడం తేలిక, చాలామంది ఇళ్లల్లో జరిగేదీ అదే. మొదటి మూడు నెలలు పెద్ద నిర్ణయాలేవీ వద్దు: పెళ్లి, ఇల్లు కొనడం, ఉద్యోగం బదిలీ. ఆ మూడు నెలల్లో దిగులు కమ్మితే, రెండు వారాలకు మించి ఉంటే, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మొత్తం 23 ఒలింపిక్ బంగారాలు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ అంతటివాడు కూడా ఆ దిగులులో పడ్డాడు.

మనుషుల్ని కలవాలంటే తనను ఛాంపియన్‌గా ఎరగని చోటికి పోవాలి. ఏదైనా కొత్తగా నేర్చుకునే క్లాసు మేలు, అక్కడ తను అందరితో పాటు అక్షరాలు దిద్దే మనిషి. స్టేడియంలోనే తిరిగితే మళ్లీ అదే పది ముఖాలు. ఎవరైనా నచ్చితే తొందరగా తేల్చుకోవాల్సినవి ఇవి: ఉద్యోగం గుంతకల్లులోనే అయితే ఎవరు ఎక్కడికి వస్తారు, పొద్దున ఐదింటికి పిల్లలకు పరుగు నేర్పడానికి పోతే అభ్యంతరమా, రెండేళ్లకు మళ్లీ పోటీకి దిగాలనిపిస్తే ఏమంటారు. నగదు పురస్కారాలు, ప్లాటు ఏమైనా ఉంటే ఆమె పేరునే ఉండాలి. ఎఫ్‌డీల నామినీ ఎవరో ఇప్పుడే చూసుకోండి, చిన్నప్పుడు తెరిచిన ఖాతాల్లో తరచూ ఎప్పటివో పేర్లు ఉంటాయి. "అమ్మాయి సంపాదన ఉంది కదా" అని కట్నం మాట తగ్గించినట్టు చేసి, ఆ డబ్బునే లెక్కలో వేసే మధ్యవర్తులున్నారు. పెళ్లికి షరతుగా ఆ డబ్బు అడిగితే 1961 వరకట్న నిషేధ చట్టం కింద అదీ కట్నమే.

మతం వేరైతే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా నివసిస్తూ ఉండాలి. నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, మూడు నెలల్లోపు పెళ్లి జరగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేట్టు పెడతారు, శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే అక్కడికీ కాపీ పోతుంది. ఇంట్లో చెప్పకుండా జరిగిపోతుందనుకుంటే పొరపాటు. నోటీసు కాగితం కంటే ముందు మనమే చెప్పుకోవడం నయం. ఇద్దరూ హిందువులైతే, కులం వేరైనా, ఈ 30 రోజుల ఎదురుచూపు లేదు.

గుంతకల్లు జంక్షన్

ఉద్యోగం సంగతి తక్కువగా చెప్పినారు కాబట్టి నేను రెండు ముక్కలు. ఆపిన రోజు నుంచి క్యాంపుల ప్రత్యేక సెలవులు ఉండవు, పూర్తి డ్యూటీ. ఇన్నేళ్లు ఆఫీసులో కూర్చున్నది తక్కువ, కాబట్టి పని నేర్చుకోవడానికి ఆరు నెలలు కష్టంగానే ఉంటుంది. కంప్యూటర్ మీద చేయి తిరగకపోతే ఇప్పుడే మొదలుపెట్టమనండి. పిల్లలు పుడితే 180 రోజుల ప్రసూతి సెలవు ఎట్లాగూ ఉంది.

కోచింగ్ వైపు పోవాలనుకుంటే పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా ఒక ఏడాది, సర్టిఫికెట్ కోర్సు ఆరు వారాలు. మనవాళ్లు ఆరు వారాల కాగితంతో ఏడాది డిప్లొమా అడిగే పోస్టులకు దరఖాస్తు పెట్టి తిరగ్గొట్టించుకుంటారు. పీఈటీ (బడిలో వ్యాయామ టీచరు) దారి కావాలంటే డిగ్రీ తర్వాత పీసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ రెండేళ్లు. కేంద్రం 2024 ఆగస్టులో మొదలుపెట్టిన రీసెట్ అనే శిక్షణ ఒకటుంది, ఆట మానేసిన 20-50 ఏళ్లవాళ్లకు. ఇంటర్ పాసైనవాళ్లకు వేరే, కానివాళ్లకు వేరే. ఉద్యోగంలో ఉంటూ బయట పిల్లలకు నేర్పితే డిపార్ట్‌మెంటు అనుమతి లేకుండా గౌరవ వేతనం తీసుకోవద్దు. ఉచితంగా నేర్పినా ఒక లెటర్ పెట్టి ఉంచుకుంటే మేలు.

బుడ్డలచేను

శానా ఉపయోగపడింది, అందరికీ దండాలు. ఒక్క సందేహం. లెటర్ ఇంకా పంపలేదు. వచ్చే నెల స్నేహితురాలి పెళ్లికి మూడు రోజులు కడపకు పోతోంది. దానికి కూడా ఆచూకీ మార్చాలా?

నల్లమల కోచ్

మార్చాల్సిందే. రాత్రి పడుకునే చిరునామా మారింది కదా, అదే ముఖ్యం. రోజుకు ఒక గంట స్లాట్ ఇవ్వాలి, పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు లోపల ఎప్పుడైనా. పెళ్లి రోజుల్లో ఐదు నుంచి ఆరు పెట్టుకోమనండి, ముహూర్తానికి అడ్డం రాదు. కల్యాణమండపం పేరొక్కటే రాస్తే చాలదు. వీధి, విడిది గది నంబరు, ఏ గేటు నుంచి రావాలో కూడా రాయాలి. అయిదు వందల మందిలో అధికారి ఆమెను వెతకలేకపోతే మిస్‌డ్ టెస్ట్ పడేది ఆమెకే. ఫోన్ చేసి పిలుస్తారులే అని ఊరుకోవద్దు, వాళ్లు పిలవాలనే రూలు లేదు. ఆ గంటలో పూలకొట్టుకు, మెహందీకి కూడా కదలకూడదు. గది తలుపు కొడితే తీసేది ఆమే అయ్యుండాలి.