నౌక మీది నుంచి ఎగిరే జామర్ విమానం నమూనా: ప్రౌలర్ కొనాలా, గ్రౌలర్ కొనాలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

సభ్యులకు నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 అనే సముద్ర నిఘా విమానం లోపలికి ఎక్కి, పరికరాల ముందు గంటల తరబడి కూర్చుని పనిచేసేవారి స్థానాలను చూసి వచ్చినప్పటి నుంచి, బాంబులు వేసే విమానాల కన్నా ఇటువంటి విమానాల మీదికే మనసు మళ్లింది. విమానవాహక నౌక నుంచి ఎగిరి శత్రువుల రాడార్లను జామ్ చేసే, అంటే రేడియో తరంగాలతో వాటిని గందరగోళపరిచే అమెరికా విమానం నమూనా ఒకటి, 1/72 కొలతలో, డైకాస్ట్‌ది (లోహం పోతపోసి చేసినది) కొనదలచాను. ఈఏ-6బీ ప్రౌలర్ తీసుకోవాలో, ఈఏ-18జీ గ్రౌలర్ తీసుకోవాలో తేలడం లేదు. ఒకటే కొనగలను, రెండోదానికి మా ఇంట్లో అనుమతి రాదు. అద్దాల బీరువాలో అర లోతు 30 సెంటీమీటర్లే. పైగా వానాకాలంలో మా ఊళ్లో గోడలే చెమరుస్తాయి కనుక, లోహపు నమూనాకు తేమ వల్ల హాని ఉంటుందేమో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (బరంపురం నుంచి)

మాస్టారూ, నేనైతే ప్రౌలరే తీసుకోమంటాను. అది చేసే పని దాని ఒంటి మీదే కనిపిస్తుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఏ-6 ఇంట్రూడర్ అనే దాడి విమానం ముందు భాగాన్ని సాగదీసి, వెనక మరో రెండు కుర్చీలు వేశారు; నలుగురిలో ఒక్కరే విమానం నడుపుతారు, మిగిలిన ముగ్గురూ ఎలక్ట్రానిక్ పరికరాలు చూసుకునేవారే. తోక కొసన దోసకాయలా ఉబ్బిన తొడుగులో శత్రు రాడార్ల సంకేతాలను పట్టుకునే యాంటెనాలు ఉంటాయి. కాక్‌పిట్ అద్దాలకు పలుచని బంగారు పూత ఉంటుంది. తమ జామర్ల విద్యుదయస్కాంత తరంగాలు తమకే తగలకుండా చేసిన ఏర్పాటు అది. నమూనాలో ఈ అద్దాలు పసుపు ఛాయలో లేకపోతే ఆ తయారీదారు శ్రద్ధను నేను శంకిస్తాను.

అన్నిటికన్నా ముఖ్యం ఏఎల్‌క్యూ-99 పాడ్‌లు, అంటే విమానం కింద తగిలించే జామర్ డబ్బాలు. ఒక్కొక్క పాడ్ ముక్కున చిన్న పంకా ఉంటుంది. ఎదురుగాలికి అది తిరిగి ఆ పాడ్‌కు కావలసిన విద్యుత్తును అక్కడికక్కడే పుట్టిస్తుంది కాబట్టి, జామర్లు విమానం విద్యుత్తు మీద ఆధారపడనక్కరలేదు. భౌతికశాస్త్రం చెప్పిన మీకు ఇంతకన్నా ఇష్టమైన భాగం దొరకదు. పాడ్‌లు లేని ప్రౌలర్ నమూనా నాలుగు కుర్చీల ఇంట్రూడర్ మాత్రమే. అందుకే కొనే ముందు అడుగుభాగం ఫోటో తప్పక అడగండి.

కొలతల సంగతి: అసలు విమానం పొడవు 18.24 మీటర్లు, రెక్కల వెడల్పు ఈ కొస నుంచి ఆ కొసకు 16.15 మీటర్లు. మీ కొలతలో పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, వెడల్పు 22 సెంటీమీటర్ల పైచిలుకు వస్తాయి; మీ అరలో పడుతుంది. 1/48 అయితే వెడల్పే 33 దాటుతుంది, దాని జోలికి పోకండి.

జవాబు (రాయగడ నుంచి)

బరంపురం మిత్రులు చెప్పినవన్నీ నిజమే కానీ, ప్రౌలర్ గతం. 1971లో సేవలోకి వచ్చిన ఆ విమానానికి అమెరికా నౌకాదళం 2015లోనూ, మెరైన్ దళం 2019లోనూ వీడ్కోలు పలికాయి. డైకాస్ట్‌లో ఎప్పుడో తయారైన పాత నమూనాలు చేతులు మారుతూ మాత్రమే దొరుకుతాయి. ధర అమ్మేవారి దయ. నేటి నౌకల మీద ఆ పని చేస్తున్నది గ్రౌలర్. నలుగురి పనిని ఇద్దరే చేస్తున్నారు. చూడగానే దానికి మాతృక అయిన సూపర్ హార్నెట్ యుద్ధవిమానంలా ఉంటుందని కొట్టిపారేస్తారు గానీ, తేడా కనిపెట్టడంలోనే నాకు ఆనందం. రెక్కల కొసల్లో సైడ్‌వైండర్ క్షిపణులకు బదులు సంకేతాలను పసిగట్టే ఏఎల్‌క్యూ-218 పాడ్‌లు ఉంటాయి. ముక్కులోని ఫిరంగిని తీసేసి ఆ చోటును ఎలక్ట్రానిక్ పరికరాలకు ఇచ్చారు. గ్రౌలర్ అని అమ్ముతున్న నమూనాకు రెక్కల కొసన క్షిపణి కనిపిస్తే, సూపర్ హార్నెట్ విడిభాగాలతో సర్దేశారని అర్థం.

మరొక్క మాట. ఏ విమానం తీసుకున్నా ముక్కు మీద 500 అంకె ఉన్నదాని కోసం చూడండి. అది నౌకలోని ఎయిర్ వింగ్ (ఆ నౌక మీది విమాన దళాలన్నీ కలిసిన బృందం) అధిపతి పేరిట ఉండే విమానం కనుక సాధారణంగా తోక మీద రంగులు దానికే ఉంటాయి. తక్కినవి చాలావరకు బూడిదరంగులోనే మిగిలిపోతాయి.

జవాబు (జయపురం నుంచి)

తేమ గురించి మాత్రమే చెబుతాను. డైకాస్ట్ అంటే జింక్ మిశ్రలోహం. అందులో సీసం వంటి మలినాలు కలిసి ఉంటే, తేమకు లోపలి నుంచే పగుళ్లు పుడతాయి. పుట్టాక దానికి మందు లేదు. ఇప్పటి నమూనాల్లో ఇది అరుదే. అరలో సిలికా జెల్ పొట్లం పెట్టి, నీలి గుళికలు గులాబీ రంగుకు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోండి. నేను ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టి ఒక నమూనా తోక మీది ఎరుపును పోగొట్టుకున్నాను. రబ్బరు టైర్లు ఏళ్ల తరబడి ఒకేచోట ఆనితే కింది ప్లాస్టిక్ పలకను జిగురుగా మార్చేస్తాయి, కాబట్టి స్టాండు మీద ఎగురుతున్నట్టు పెట్టడమే మేలు.

ప్రశ్న అడిగినవారు (పర్లాకిమిడి నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. పంకా మాట చదివాక నా మనసు ప్రౌలర్ వైపే స్థిరపడింది. రాయగడ మిత్రులు మన్నించాలి. ఒక అమ్మకందారు అడుగుభాగం ఫోటో పంపారు. జామర్ పాడ్‌లు మూడే ఉన్నాయి, మిగిలిన రెండూ ఇంధన ట్యాంకుల్లా కనిపిస్తున్నాయి. ఐదు చోట్లా పాడ్‌లే ఉండాలి కదా, ఇది అసంపూర్ణమైనదా?

జవాబు (బరంపురం నుంచి)

కాదు మాస్టారూ. ఐదు పాడ్‌ల వరకు మోయగలదు కానీ, మూడు పాడ్‌లు, రెండు ట్యాంకులతో ఎగరడమూ మామూలే. నిశ్చింతగా తీసుకోండి. అయితే పెట్టె విప్పేటప్పుడు ఎవరిచేతనైనా వీడియో తీయించండి. కాక్‌పిట్ ముందు కుడివైపుకు వంగి ఉండే, గాలిలో ఇంధనం నింపుకునే గొట్టం ఆ నమూనాలో అన్నిటికన్నా ముందు విరిగే భాగం. నాకు వచ్చినది విరిగే వచ్చింది, వీడియో లేనందువల్ల అమ్మినవారు నా మాట వినలేదు.